బెజవాడ ఉక్కపోతలో బ్లాక్ ఓపియం: ఎంత కొట్టుకోవాలి, ఎప్పుడు కొట్టుకోవాలి

బందరు రోడ్డు మాల్స్‌లో ఆడవాళ్ల సెంట్ల కౌంటర్ దగ్గర "తీపిగా ఉండాలి, ఎక్కువసేపు నిలవాలి" అని అడిగితే ముందు చేతికిచ్చేవాటిలో బ్లాక్ ఓపియం అనే ఈ నల్ల సీసా ఒకటి. ఫ్రెంచ్ కంపెనీ ఈవ్ సాన్ లోరాన్ దీన్ని 2014లో తెచ్చింది. పేరు అదే కంపెనీ 1977 నాటి పాత సెంటు ఓపియం నుంచి వచ్చింది గానీ, దాని మసాలా ఘాటు ఇందులో వెతకొద్దు. లవంగం, దాల్చినచెక్క ఇష్టపడేవాళ్లు ఆ పేరు చూసి కొంటే డబ్బులు దండగ.

తినే వస్తువుల వాసనతో చేసే ఈ తరహా సెంట్లని గూర్మాండ్ అంటారు. 1992లో థియరీ మ్యూగ్లర్ కంపెనీ తెచ్చిన ఏంజెల్ సెంటుతో ఈ బాట పడింది. అందులో మట్టి వాసన కొట్టే పచౌలి ఆకు నూనెకి జోడీగా ఇథైల్ మాల్టాల్‌ని గుమ్మరించారు. తిరునాళ్లలో పీచు మిఠాయి దగ్గర వచ్చే వాసన ఎలా ఉంటుందో ఆ రసాయనం వాసనా అంతే. ఏంజెల్ చేసిన ఒలివియే క్రెస్ప్, బ్లాక్ ఓపియం చేసిన నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురూ నతాలీ లార్సన్, మారీ సలామాన్య, ఒనొరీన్ బ్లాన్. ముగ్గురూ ఆడవాళ్లే.

కొట్టుకోగానే పియర్ పండు తీపి, గులాబీ రంగు మిరియాల చురుకు, నారింజ పువ్వు. కాసేపటికి కాఫీ పైకి వస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇది మన డికాక్షన్ కాఫీ కాదు, చికోరీ చేదు అసలుండదు. పాలు, పంచదార, వెనీలా ఐస్‌క్రీమ్ కలిపి చిలికిన కోల్డ్ కాఫీ వాసన. అదీ మన ఎండలో అరగంట, ముప్పావుగంట మించి విడిగా తెలియదు. ఆ తర్వాత మల్లెజాతి తెల్ల పూలూ వెనీలా కలిసిపోయి, చివరికి వెనీలా, పచౌలి, సన్నగా సీడార్ చెక్క మిగులుతాయి. కాఫీ కోసమే కొనేవాళ్లకి ముందే చెప్పాలి: రోజులో ఎక్కువ భాగం మీ దగ్గర వచ్చేది వెనీలా వాసనే.

మరి ఈ వాసన ఎలాంటి మనిషిది? సంగీత్‌కి అందరూ వచ్చి కూర్చున్నాక వచ్చే ఆవిడది. నల్ల జార్జెట్ చీర, ఒక చేతికి వాచీ, రెండో చెయ్యి బోసి. వస్తూనే స్టేజీ దగ్గరికి కాకుండా వడ్డన వైపు వెళ్లి, క్యాటరింగ్ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచి, మంచినీళ్లు అయిపోయాయని చెప్పి తెప్పిస్తుంది. నవ్విందంటే రెండు టేబుళ్ల అవతలివాళ్లు తల తిప్పుతారు. నల్ల సీసా, మెరుపుల పూత, ఆ పేరు చూసి గుంభనమైన మనిషేమో అనుకుంటాం. రెండు గంటలు పక్కన కూర్చుంటే తెలుస్తుంది, ఎవరి పిల్లనో ఒళ్లో పడుకోబెట్టుకుని జో కొడుతూ కబుర్లు చెప్పే రకమని. సీసా చూపించినంత రహస్యం లోపల లేదు. నా మటుకు అది లోపం కాదు, కానీ ప్రకటన చూసి ఇంకేదో ఊహించుకుంటే నిరాశే.

పోల్చి చూడాలంటే, లాంకోమ్ లా వీ ఎ బెల్ (2012)లో ఐరిస్ అనే పూలమొక్క ఇచ్చే పౌడర్ లాంటి వాసన ముందుంటుంది. అది పెళ్లికూతురి పెద్దక్కకి నప్పుతుంది, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ప్రాడా క్యాండీ (2011) కారమెల్, సాంబ్రాణి జాతి బెంజోయిన్. సరదా మనిషిదే గానీ కాస్త చిన్నపిల్ల.

ఇక మోతాదు. ఈ సెంటుతో వచ్చే గొడవంతా అక్కడే. ఒక నొక్కుకి సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుంది. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో మూడు నొక్కులు బాగుంటాయి: మెడ వెనక ఒకటి, రెండు మోచేతుల మడతల్లో చెరొకటి. ఫంక్షన్ హాల్లో ఏసీ ఉంటే ఎండాకాలమైనా రెండు చాలు. మే నెల మధ్యాహ్నం మాత్రం ముట్టుకోవద్దు. ఒంటి వేడికి పైనున్న పండు, మిరియాలు ఇట్టే ఎగిరిపోతాయి, బరువైన తీపి ఒక్కటే చెమటతో కలిసి కూర్చుంటుంది. అది పక్కవాళ్లకి మొహం మొత్తుతుంది. గుంటూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా తేడా ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. ముక్కు ఒకే వాసనకి త్వరగా అలవాటు పడిపోతుంది. గంటయ్యాక మీకు తెలియదు కాబట్టి పోయిందనుకుని మళ్లీ కొడతారు. లిఫ్ట్‌లో ఉన్నవాళ్లకి మాత్రం మొదటిదీ ఉంటుంది, రెండోదీ ఉంటుంది. మళ్లీ కొట్టుకునే ముందు ఇంట్లో ఎవరినైనా అడగండి.

కొట్టుకునేటప్పుడు స్నానం చేసి తుడుచుకున్నాక, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ వాజ్‌లైన్ గానీ పల్చగా రాసి, జానెడు దూరం నుంచి కొట్టాలి. పొడి చర్మం మీద సెంటు త్వరగా పోతుంది. పట్టుచీర మీద నేరుగా కొడితే మరక పడొచ్చు. ముదురు రంగు జాకెట్ లైనింగ్ మీద ఒక నొక్కు కొట్టి ఆరాక తొడుక్కుంటే చర్మం మీదకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. తెల్లవి, లేత రంగువి వద్దు, వెనీలా వాసననిచ్చే వెనీలిన్ ఉన్న సెంట్లు కాలక్రమంలో గోధుమరంగు మచ్చ వదులుతాయి. ముత్యాల దండ సెంటు ఆరాకే వేసుకోవాలి, ఆల్కహాల్ ముత్యం మెరుపు తినేస్తుంది. తల్లో మల్లెచెండు పెట్టుకున్న రోజున ఈ సీసా బీరువాలోనే ఉంచండి. రెండు తీపి వాసనలు కలిస్తే వెగటు, పైగా మల్లెల ముందు ఏ సీసా అయినా వెలవెలబోతుంది.

కొనేటప్పుడు కాగితం ముక్క మీద వాసన చూసి బిల్లు వేయించొద్దు. కాగితం పియర్‌నీ కాఫీనీ బాగా చూపిస్తుంది, మీ ఒంటి వేడికి వెనీలా ఎలా మారుతుందో చెప్పదు. మణికట్టు మీద ఒక్క నొక్కు కొట్టించుకుని, రుద్దకుండా, బీసెంట్ రోడ్డులో మిగతా పనులు చూసుకుని రెండు గంటలకి మళ్లీ వాసన చూడండి. మధ్యలో ముక్కు తేరుకోవడానికని కాఫీ గింజలు వాసన చూడమని ఇస్తారు. కాఫీ సెంటు పరీక్షించడానికి కాఫీ గింజలేమిటో వాళ్లకే తెలియాలి! సెంటు కొట్టని మీ మోచేతి మడత వాసన చూసుకుంటే చాలు.

పెట్టె మీద "ఓ ద పర్ఫ్యూమ్" అని ఉందో లేదో చదవండి, పైన చెప్పిందంతా దాని గురించే. ఇదే పేరుతో 2022లో వచ్చిన లే పర్ఫ్యూమ్‌లో వెనీలా ఇంకా ఎక్కువ, మన వాతావరణానికి అది ఇంకా బరువు. అసలుదో నకిలీదో తేల్చడానికి సీసా అడుగున ఉన్న బ్యాచ్ కోడ్, అట్టపెట్టె మీది కోడ్ ఒకటేనా చూడాలి. ఒకటే అయినంత మాత్రాన అసలుదని కాదు, కోడ్ కూడా కాపీ కొడతారు. వేర్వేరుగా ఉంటే మాత్రం నమ్మొద్దు. దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉండాలి. "ఫస్ట్ కాపీ", "టెస్టర్ పీస్" అంటూ సగం ధరకి చూపించేవాటిలో మొదట స్పిరిట్ ఘాటు గుప్పుమంటుంది, గంటకి ఖాళీ.

ఎక్కువగా దొరికే సైజులు 30, 50, 90 మిల్లీలీటర్లు. మిల్లీలీటరు లెక్కన పెద్దదే చవక, కానీ మనకి పనికొచ్చేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వారానికి రెండుసార్లు, మూడేసి నొక్కులంటే నాలుగు నెలలకి వంద నొక్కులు. 30 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు మూడువందలు ఉంటాయి. ఏసీ హాళ్ల పెళ్లిళ్లు కలుపుకున్నా రెండేళ్లు వస్తుంది. 90 కొంటే అయ్యేలోపు మన ఎండలకి రంగు ముదిరిపోవచ్చు. ఏ సైజైనా బాత్రూమ్‌లో, కారు డాష్‌బోర్డ్ మీద పెట్టకుండా, పెట్టెతో సహా బీరువా అడుగు అరలో పెట్టండి.