క్రాంక్ గ్రైండింగ్: పావు సైజా, అర సైజా?

చిత్తూరులో మామిడి సీజన్ ముందు ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్‌కి లేత్ షాపుకు పోతే ఇదే గోల, 0.25 (పావు) వేద్దామా 0.50 (అర) వేద్దామా అని. మిల్లీమీటర్లలో లెక్క ఇది, జర్నల్‌ని, అంటే షాఫ్ట్‌లో బేరింగ్ మీద తిరిగే గుండ్రటి భాగాన్ని, అంత సన్నం చేస్తారు, తగ్గిన దాంట్లో సగం ఒక్కో బేరింగ్ షెల్లు (జర్నల్ చుట్టూ రెండు సగాలుగా కూర్చునే రేకు) మందం పెరుగుతుంది. అందుకే 0.25కి ఒక్కో షెల్లు 0.125 ఎక్కువ మందం.

ఖర్చు: గ్రైండింగ్ కూలీలో పెద్ద తేడా ఉండదు.

మెటల్: 0.25లో తక్కువ పోతుంది, రేపు మళ్ళీ గ్రైండ్ చేసుకోవడానికి జాగా మిగుల్తాది. 0.50లో ఒక ఛాన్సు ఇప్పుడే అయిపోయినట్టు.

పని: గీత లోతుగా ఉన్నా, జర్నల్ కోడిగుడ్డులా ఓవల్ అయినా 0.25లో అది పూర్తిగా పోదు, మళ్ళీ 0.50 చేయించాలి, ఊరికే రెండు కూలీలు.

రిస్కు: నైట్రైడ్ చేసిన (నైట్రోజన్‌తో పైపొర గట్టి చేసిన) షాఫ్ట్‌కి ఆ గట్టి పొర చాలా పల్చన, 0.50 తీస్తే అది పోయి మళ్ళీ నైట్రైడ్ చేయించాల్సి రావచ్చు. అసలు ఆ ఇంజన్‌కి గ్రైండ్ చేయొచ్చో లేదో మాన్యువల్లో చూడండప్పా. జర్నల్ మూలల్లో రేడియస్ (గుండ్రటి వంపు) పోతే ఏ సైజైనా షాఫ్ట్ విరుగుతాది.

ఇంకోటి, ముందు బేరింగ్ సెట్టు చేతికి వచ్చాకే గ్రైండింగ్‌కి ఇవ్వండి. నేను తిరగేసి చేసి, సెట్టు దొరక్క వారం బండి నిలబెట్టుకున్నా.

గీతలు పైపైనే ఉంటే 0.25. బేరింగ్ పట్టేసి జర్నల్ తినేసుంటే 0.50. మెయిన్ జర్నల్స్‌కి (షాఫ్ట్ ఇంజన్ బ్లాక్‌లో కూర్చునేవి) ఒకటి, కాన్‌రాడ్ జర్నల్స్‌కి (పిస్టన్ రాడ్ పట్టుకునేవి) ఒకటి వేరే సైజు పెట్టినా తప్పులేదు, జర్నల్‌కి షెల్లుకి మధ్య క్లియరెన్సు (సందు) మాత్రం ప్లాస్టిగేజ్‌తో (నలిగితే సందు ఎంతో చూపే సన్న ప్లాస్టిక్ దారం) చూసే బిగించండి.