సర్వర్‌ను ఆటగాడు ఎంచుకోవడమా, ఆటకే వదిలేయడమా?

2003లో వచ్చిన ఆన్‌లైన్ షూటింగ్ ఆట కౌంటర్ స్ట్రైక్ 1.6లో ఆటగాడే సర్వర్ల (ఆటను నడిపే కంప్యూటర్ల) జాబితా తెరిచి, పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం), మ్యాప్ (ఆట జరిగే స్థలం), అప్పటికే ఆడుతున్నవారి సంఖ్య చూసుకొని నచ్చిన చోట చేరేవాడు. 2023లో విడుదలైన కౌంటర్ స్ట్రైక్ 2 పోటీ మ్యాచ్‌లలో ఆ ఎంపికను ఆటగాళ్లను జతకలిపే మ్యాచ్‌మేకింగ్ వ్యవస్థే చేస్తుంది; ఎంత పింగ్ వరకు సమ్మతమో సెట్టింగ్స్‌లో చెప్పుకోవడమే ఆటగాడి వంతు.

జాబితా పద్ధతిలో పాత పరిచయస్థులు రోజూ ఒకేచోట కలిసేవారు గాని, ఆరితేరినవాడి ఎదుట కొత్తవాడు నిలవడం కష్టమయ్యేది.

స్వయంచాలక పద్ధతి దూరాన్ని, నైపుణ్యాన్ని రెంటినీ చూడాలి, ఆ రెండింటికీ తరచూ పొసగదు. సాధారణ ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, ప్రతి 1,000 కిలోమీటర్లకు రానుపోను కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఫైబర్ వాడినంతకాలం ఏ కంపెనీ ఎంత ఖర్చు పెట్టినా ఇది తగ్గేది కాదు. అందుకే హైదరాబాద్ ఆటగాడికి సింగపూర్ కంటే ముంబై, చెన్నై సర్వర్లే మేలు. అయితే అర్ధరాత్రి దాటాక సమఉజ్జీలు దగ్గర్లో దొరకకపోతే, ఎక్కువసేపు వేచి ఉండడమో, పింగ్ పరిమితిని పెంచుకోవడమో తప్పదు.

ర్యాంకు కోసం ఆడేవారికి స్వయంచాలక పద్ధతే న్యాయమైనదని నా అభిప్రాయం. స్నేహితులతో కాలక్షేపానికైతే, ఆటగాళ్లే నడుపుకునే కమ్యూనిటీ సర్వర్ల కోసం ఇప్పటికీ ఉన్న ఆ జాబితానే తెరుస్తాను.