పుష్కరకాలం ఓటర్ల జాబితాలతో కాపురం చేశాక

2013లో మా అమ్మ పేరు గల్లంతైంది. మనిషి టీవీ ముందు నిక్షేపంలా కూర్చునే ఉంది, ఓటర్ల జాబితాలో మాత్రం లేదు. ఆ పేరు వెతకడానికని మొదటిసారి మా పార్ట్ (ఒక పోలింగ్ బూత్ పరిధిలోని ఓటర్ల జాబితా) పీడీఎఫ్ దించుకున్నాను, అప్పటి నుంచి ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఇప్పుడు మా వీధిలో ఎవరి ఓటుకు ఏ తిప్పలొచ్చినా వాళ్ల చెప్పులు మా గుమ్మం ముందే కనిపిస్తాయి. మధ్యలో 2019లో ఇండిపెండెంటుగా నిలబడ్డ ఒక మిత్రుడికి పోలింగ్ ఏజెంటుగా కూడా కూర్చున్నాను. జాబితాలు, పేర్ల మీద అభ్యంతరాలుండే ఫారం 10 పట్టికలు, బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే 17సీ, బూత్‌ల వారీ ఫలితాలుండే ఫారం 20 అన్నీ చేతిలో నలిగినవే, కాబట్టి వాడినవాడిగా నాకు అనిపించింది రాస్తున్నాను.

ముందు మంచి మాట చెప్పాలి. మన దేశంలో ఓటర్ల జాబితా చూడడానికి నువ్వెవరు, ఎందుకు అని అడిగే పని లేదు. 1960 నాటి ఓటర్ల నమోదు నియమాల్లో 33వది, జాబితాకు సంబంధించిన కాగితాలు ఎవరైనా చూడొచ్చని, రుసుము కట్టి ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చని చెబుతుంది. వెబ్‌లో అయితే కాప్చా కొట్టి పీడీఎఫ్ దించుకోవడమే. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం, గుర్తింపు కార్డు నంబరు ఉంటాయి. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ ఉండవు. వెబ్‌లో పెట్టే కాపీలో ఫొటో కూడా ఉండదు, ఆ చోట గడి మాత్రమే ఉంటుంది.

వెతకడం దగ్గర మొదలవుతుంది అసలు కథ. ఆ పీడీఎఫ్ అక్షరాలు కాదు, బొమ్మ. కంట్రోల్ ఎఫ్ కొడితే ఏమీ దొరకదు. వెయ్యికి పైగా పేర్లను వేలు పెట్టుకుని చదవాల్సిందే. ఎన్నికల సంఘం పోర్టల్‌లో పేరుతో వెతికే సదుపాయం ఉంది, కానీ తెలుగువాళ్ల పేర్లు దానికి అంత తేలిగ్గా చిక్కవు. ఇంటిపేరు ముందు పెట్టారా వెనక పెట్టారా, పొడి అక్షరంతో సరిపెట్టారా, ఇంగ్లీషులో కొట్టింది తెలుగులోకి మారేటప్పుడు 'రావు' కాస్తా 'రవు' అయిందా, ఇవన్నీ మనమే ఊహించి ఒక్కొక్కటీ కొట్టి చూడాలి. ఆడవాళ్ల పేర్లయితే ఇంకా చిక్కు, పుట్టింటి ఊళ్లో తండ్రి పేరుతో ఒకటి, అత్తగారి ఊళ్లో భర్త పేరుతో ఇంకొకటి. కార్డు నంబరు తెలిస్తే క్షణంలో పని అయిపోతుంది. ఆ కార్డేమో బీరువాలో ఏ పట్టుచీర మడతలో ఉందో ఎవరికీ గుర్తుండదు.

బొమ్మగానే ఎందుకు పెట్టారని అడిగినవాళ్లున్నారు. 2018లో కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్షరాల రూపంలో ఇస్తే ఎవరైనా మొత్తం సమాచారాన్ని ఊడ్చుకుపోయి దుర్వినియోగం చేస్తారన్నది ఎన్నికల సంఘం భయం. కోర్టు పిటిషన్ కొట్టేసింది. అంతేకాదు, వెతుక్కునే రూపంలో కావాలంటే పిటిషనరే సొంతంగా మార్చుకోవచ్చంది. చదివినప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే పెద్ద పార్టీలకు మార్చుకోవడం ఒక లెక్క కాదు, కంప్యూటర్లు, మనుషులు, డబ్బు అన్నీ ఉన్నాయి. గుర్తింపు పొందిన పార్టీలకు జాబితా కాపీలు చట్టప్రకారం ఉచితంగా అందుతాయి కూడా. ఆ బొమ్మ ఆపేది నాలాంటి ఒంటరిగాడిని మాత్రమే. 2025లో బీహార్‌లో ముసాయిదా ఓటర్ల జాబితా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయినప్పుడు, ఆ జాబితాను కారణాలతో సహా, కార్డు నంబరుతో వెతుక్కునేలా పెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అమ్మ పేరు కోసం నేను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి, ఆ రోజు ఎందుకు తీసేశారో చెప్పే కాగితం ఒక్కటుంటే రెండు వారాలు తిరిగే పని ఉండేది కాదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఫారం 10 నాకు బాగా పనికొచ్చింది. పేరు తీసేయమని ఫారం 7 వేస్తే, ఆ అభ్యంతరాలన్నీ ఫారం 10 పట్టికలో ఎక్కుతాయి, ఎవరు ఎవరి మీద వేశారో సహా. 2019 ఎన్నికల ముందు ఫారం 7లు గుట్టలుగా పడ్డ రోజుల్లో మా వీధి నుంచి ముప్పై చిల్లర పేర్ల మీద అభ్యంతరం ఉంది. వేసినట్టు ఉన్నది మా ఎదురింటాయన పేరు. ఆయన దగ్గరికి కోపంగా వెళ్లాం, తీరా చూస్తే ఆయనకు ఫారం 7 అంటే ఏమిటో కూడా తెలియదు, ఎవరో ఆన్‌లైన్లో ఆయన పేరు వాడేశారు. పాపం ఆయన ఆ రాత్రి అన్నం తినలేదని మర్నాడు వాళ్లావిడ చెప్పింది. ఆ పట్టిక బయటికి కనపడకపోయి ఉంటే ముప్పై ఓట్లు నిశ్శబ్దంగా పోయేవి. కనపడింది కాబట్టే ఒక అమాయకుడు ఊరందరికీ దొంగలా కనిపించాడన్నది కూడా నిజమే. రెండూ ఒకే కాగితం పని.

ఇక గోప్యత. ఇంటి నంబరు వారీగా కుటుంబం మొత్తం వరుసగా, వయసులతో సహా ఉండే పత్రం ఇంకోటి చూపించండి చూద్దాం. పెళ్లి సంబంధాల మధ్యవర్తి ఒకాయన మా వార్డు జాబితా ప్రింటు తీయించి, ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది మధ్య ఆడపిల్లల పేర్లకు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకుని తిరగడం నేను కళ్లారా చూశాను. అప్పుల వసూలుకు తిరిగేవాళ్ల చేతుల్లోనూ చూశాను. వీటిని నవ్వి వదిలేయొచ్చు. కానీ మా పైవాటాలో అద్దెకున్న ఒకావిడ, భర్త దగ్గర్నుంచి పారిపోయి వచ్చింది, ఓటు ఇక్కడికి మార్చిపెట్టమని నన్నే అడిగింది. నేనూ ఉత్సాహంగా ఫారం నింపుతూ సగంలో ఆగిపోయాను. అది ఒప్పుకుంటే కొత్త చిరునామా, పక్కన భర్త పేరో తండ్రి పేరో, అన్నీ వెబ్‌లో పడతాయి. నా చిరునామా కనపడనీయొద్దు అని టిక్కు పెట్టే గడి ఆ ఫారంలో లేదు. బ్రిటన్‌లో ప్రాణభయం ఉన్నవాళ్లు జాబితాలో పేరూ చిరునామా కనపడకుండా నమోదు చేసుకోవచ్చు. ఇక్కడ ఆవిడ ముందున్నవి రెండే దారులు, ఓటా, దాక్కోవడమా. దాక్కోవడమే ఎంచుకుంది. ఆ తర్వాత వచ్చిన రెండు ఎన్నికల్లోనూ ఓటు వేయలేదు.

ఫారం 20 గురించి చెప్పాలంటే నాకు దీని మీద ప్రేమ, భయం సమానం. ఫలితం వచ్చాక ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు, నోటాకు ఎన్ని, టెండర్ ఓట్లు (తన పేరున ముందే ఎవరో ఓటేసేస్తే అసలు ఓటరు వేసేవి) ఎన్ని, అంతా వరుసగా ఉంటుంది. ఎన్నికల లెక్కలంటే ఇష్టం ఉన్నవాడికి రాత్రిళ్లు నిద్ర పట్టదు, అంత బాగుంటుంది. పేపరు బ్యాలెట్ల కాలంలో చాలా బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టే వీలుండేది, మిషన్లు వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే అయింది. టోటలైజర్ అనే పరికరంతో 14 బూత్‌ల ఓట్లు కలిపి లెక్కిద్దామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఓటు రహస్యం అని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్‌లో ఉంది, ఎవరికి వేశావో చెప్పమని కోర్టు కూడా అడగకూడదని 94లో ఉంది. మనిషి ఓటు రహస్యమే, తండా ఓటు మాత్రం బహిరంగం. మా దగ్గర రెండు వందల లోపు ఓట్లున్న ఒక చిన్న తండాకు వేరే బూత్ ఉంది, ఫలితాల తర్వాత నెలకు ఒక నాయకుడి మనుషులు ఆ కాగితం పట్టుకునే వెళ్లి "మాకు పదకొండు పడ్డాయి, ఆ పదకొండు ఎవరివో చెప్పండి, మిగతావాళ్ల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. బోరు మోటారు కాలిపోతే ఏడాది పాటు ఎవరూ తిరిగి చూడలేదు.

17సీ వేరే రకం. పోలింగ్ ముగిశాక ఈ మిషన్లో ఇన్ని ఓట్లు పడ్డాయి అని ప్రిసైడింగ్ అధికారి రాసి, అక్కడున్న ఏజెంటుకు కాపీ ఇవ్వాలి, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎస్ అది. నాకు ఇచ్చారు, దాన్ని కౌంటింగ్ రోజు దాకా దేవుడి పటం వెనక దాచాను. చిన్న అభ్యర్థికి అన్ని బూత్‌లలోనూ ఏజెంట్లు ఎక్కడ దొరుకుతారు, మా మిత్రుడికి నియోజకవర్గం మొత్తం మీద తొమ్మిది కాపీలే చేరాయి. అవన్నీ వెబ్‌లో పెట్టమని 2024 మేలో అడిగితే, ఏజెంటుకు తప్ప ఇంకెవరికీ ఇవ్వాలని చట్టంలో లేదని ఎన్నికల సంఘం కోర్టులో చెప్పింది. అందులో ఒక్క ఓటరు పేరూ ఉండదు మరి. అంకెలే.

దీనికి తోడు 2024 డిసెంబరు 20న అదే నియమాల్లోని 93వది మారింది. అంతకుముందు, కోర్టు ఉత్తర్వు లేనిదే తెరవకూడని కట్టలు పోను, ఎన్నికకు సంబంధించిన 'మిగతా కాగితాలన్నీ' ప్రజలు చూడొచ్చని ఉండేది. ఇప్పుడు 'ఈ నియమాల్లో పేర్కొన్న' కాగితాలే. పోలింగ్ బూత్‌ల సీసీటీవీ వీడియో నియమాల్లో పేర్కొన్న కాగితం కాదు, దాంతో అది పక్కకు పోయింది. 2025 మేలో వచ్చిన ఆదేశం ప్రకారం ఎన్నికల పిటిషన్ పడకపోతే 45 రోజుల తర్వాత వీడియోలు చెరిపేయొచ్చు, పిటిషన్ గడువు కూడా సరిగ్గా 45 రోజులే. బూత్‌కొచ్చిన ఆడవాళ్ల ముఖాలు ఊరంతా తిప్పుతారేమో అన్న వాదన నేను తేలిగ్గా కొట్టిపారేయను, పైవాటా ఆవిడను చూసినవాణ్ని. ఆ జాగ్రత్తలో పదో వంతైనా జాబితా దగ్గర చూపిస్తే నమ్మేవాణ్ని.

రేటింగ్ ఇవ్వాలంటే ఫారం 10కి ఐదుకు నాలుగు, జాబితాకు రెండున్నర, 17సీకి కాపీ చేతికొస్తే ఐదు, రాకపోతే సున్నా. ఫారం 20కి ఇవ్వలేను, నచ్చుతుంది కూడా, తండా గుర్తొస్తుంది కూడా. కొత్తగా వాడేవాళ్లు ఒక్కటి చేయండి, తుది జాబితా వచ్చిన ప్రతిసారీ ఆ రోజే మీ పార్ట్ దించి దాచుకోండి, కొత్తది ఎక్కాక పాతది అక్కడ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. నా దగ్గర పన్నెండేళ్లవీ ఉన్నాయి. అమ్మ పేరు మళ్లీ ఎక్కింది, 2014 నుంచి అన్నింట్లోనూ ఉంది, కాకపోతే వయసు ఆరేళ్లు తక్కువ పడింది. ఫారం 8 పెట్టి సరిచేయిస్తానంటే ఆవిడే వద్దంటోంది.