నైట్ డ్యూటీకి నల్ల స్లిప్-ఆన్: వర్షాకాలం ముందు కొన్న జత సంక్రాంతి దాటాక ఎలా ఉందంటే

మా ఆస్పత్రిలో నర్సులకి రూల్ ఒక్క లైనే: నల్ల బూట్లు, ముందూ వెనకా మూసి ఉండాలి, నల్ల సాక్సు. అంతే కదా, ఏ షాపుకెళ్లినా దొరుకుతాయి అనిపిస్తుంది. కానీ నల్లగా ఉండి, మూసి ఉండి, రాత్రి ఎనిమిదికి వేసుకుంటే పొద్దున ఎనిమిదికి తర్వాతి షిఫ్టుకి హ్యాండోవర్ ఇచ్చేదాకా అరికాళ్లు మండకుండా ఉండేవి కావాలంటే మాత్రం బెజవాడ బీసెంట్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరిదాకా తిరగాల్సి వచ్చింది. సూర్యారావుపేటలో డ్యూటీ చేసే మాలాంటి వాళ్లందరం అక్కడికే కదా వెళ్లేది.

బ్రాండు పేరు కావాలనే రాయట్లేదు. అదే పేరుతో వచ్చే మోడల్‌కి సోల్ మందం, లోపలి అట్ట (ఇన్‌సోల్) మధ్యమధ్యలో మార్చేస్తుంటారు, పేరు చూసి కొంటే నా జతలాంటిదే మీకు వస్తుందని గ్యారంటీ లేదు. ఎలా ఉందో చెబుతాను, అలాంటిది వెతుక్కోండి. లేసుల్లేని నల్ల స్లిప్-ఆన్. పైన తడిగుడ్డతో తుడిస్తే పోయే సింథటిక్ లెదర్, మధ్యలో మందంగా ఈవీఏ అనే మెత్తటి ఫోమ్, కింద నేలకు తగిలేచోట పలచగా అసలు రబ్బరు. సోల్ కూడా నలుపే, అంచున తెల్ల గీత లేదు. ఈ తెల్ల గీత సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నల్ల బూటుకి తెల్ల సోల్ వేసుకొచ్చిన అమ్మాయిని మా ఇన్‌చార్జ్ సిస్టర్ "ఏమ్మా, స్పోర్ట్స్ డే ఏమైనా ఉందా ఇవాళ?" అని అడిగారు, అదీ రౌండ్స్‌లో డాక్టర్ల ముందు.

షాపులో కుర్రాడు ముందుగా తీసిచ్చేవి మెమరీ ఫోమ్‌వి. కాలు పెట్టగానే దూదిలో దిగినట్టుంటుంది, వెంటనే కొనేయాలనిపిస్తుంది. ఆ మెత్తదనం షాపులో నాలుగడుగులకే. గంటల తరబడి నిలబడితే మన బరువుకి ఆ ఫోమ్ అణిగిపోయి, తెల్లారుజామున మందుల ట్రాలీ తోసుకుంటూ తిరిగే టైముకి మడమ నేరుగా గట్టి సోల్ మీదే ఉంటుంది. నేను చూసేది మూడు చోట్ల. బూటు వెనక మడమ పట్టే భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే లోపలికి కూలిపోకూడదు. ముందు వెనక పట్టుకుని వంచితే వేళ్ల మొదలు దగ్గరే వంగాలి, నడిమధ్యలో మడతపడితే అది ఇంట్లో తిరిగే చెప్పుతో సమానం. తర్వాత తడిబట్ట పిండినట్టు మెలితిప్పి చూస్తే కాస్త ఎదురు తిరగాలి. ఇదంతా చేస్తుంటే షాపు కుర్రాడు "మేడం, పాడవుతాయి మేడం" అంటాడు, అననివ్వండి.

కొనడానికి డ్యూటీ దిగి వెళ్లండి, పొద్దున తలస్నానం చేసి తీరిగ్గా కాదు. నిలబడి నిలబడి కాళ్లు కొంచెం వాచే ఉంటాయి, ఆ వాచిన కాలికి సరిపోయేదే మన సైజు. డ్యూటీకి వేసుకునే సాక్సు వేసుకునే కొలవాలి. బొటనవేలికీ బూటు కొసకీ మధ్య ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. చాలామందికి రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు, పెద్ద కాలిని చూసుకుని తీసుకోవాలి. "రెండు రోజులు వేస్తే సాగుతుందమ్మా" అనే మాట సింథటిక్ విషయంలో నమ్మొద్దు. లెదర్ సాగుతుంది, ఇది సాగదు, చిటికెన వేలు దగ్గర కరుస్తూనే ఉంటుంది.

ఇక వాడకం. నాకు అన్నిటికన్నా నచ్చింది గ్రిప్పు. పొద్దున ఐదున్నర, ఆరు మధ్య హౌస్ కీపింగ్ వాళ్లు ఫినాయిల్ నీళ్లతో కారిడార్ తుడుస్తుంటారు, సరిగ్గా అప్పుడే మనకి బ్లడ్ శాంపిల్స్, షుగర్ చెకింగ్, వైటల్స్ (బీపీ, పల్స్, జ్వరం లాంటివి) అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ తడి టైల్స్ మీద పరుగులాంటి నడక నడిచినా జారలేదు. అయితే సోల్ కింది గాడుల విషయం ఒకటుంది. లోతైన గాడులుంటే గ్రిప్పు బాగుంటుంది అనుకుంటాం గానీ వార్డులో వాటిలో ఏమేం ఇరుక్కుంటాయో చూస్తే తెలుస్తుంది: మైక్రోపోర్ టేప్ ముక్కలు, దూది, సూది మూతలు, అన్నిటికన్నా చెడ్డది పగిలిన యాంపూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న సీసా) గాజు. ఈవీఏ మెత్తన కాబట్టి సోల్ మొత్తం అదే అయితే గాజు పెంకు లోపలికి దిగిపోయి అక్కడే కూర్చుంటుంది, నడుస్తుంటే టైల్ మీద గీసుకుంటున్న చప్పుడు వస్తుంది. కింద రబ్బరు పొర, సన్నటి గాడులు ఉన్నవి తీసుకుంటే డ్యూటీ దిగేటప్పుడు ఒకసారి తిప్పి చూసి ఫోర్‌సెప్స్‌తో లాగేస్తే సరిపోతుంది.

చప్పుడు గురించి కూడా. కొత్తలో కొన్నాళ్లు తడి నేల మీద కిర్రు కిర్రుమంది. రాత్రి రెండింటికి లైట్లు తగ్గించాక అప్పుడే కన్నంటుకున్న పేషెంటు పక్కన అలా నడవడం కన్నా బూట్లు చేతిలో పట్టుకుని నడవడం నయం అనిపించింది. సోల్ పైపొర అరిగాక ఆ గోల పోయింది.

మెష్ బూట్లు గాలి ఆడుతాయని చాలామంది కొంటారు. గాలి ఆడేచోట నుంచి రక్తమూ దిగుతుంది, జారిపడిన నీడిలూ దిగుతుంది. డ్రెస్ కోడ్‌లో మూసిన బూట్లు అని రాసేది అందం కోసం కాదు. గుడ్డతో చేసినవాటికి ఇంకో తంటా ఉంది, హైపో, అంటే బ్లీచ్ లాంటి హైపోక్లోరైట్ ద్రావణం, పడితే నలుపు కాస్తా ఎర్రమట్టి రంగు అయిపోతుంది. రక్తం ఒలికినచోట 1 శాతం హైపోక్లోరైట్ పోయడం మనకు రోజూ ఉండేదే, ఆ చిందులు బూట్ల మీద పడకుండా ఎవరూ ఆపలేరు. నా సింథటిక్ జత మీద కూడా పడింది, వెంటనే నీళ్లగుడ్డతో తుడిస్తే మచ్చ కనపడట్లేదు, కుట్లు ఉన్నచోట దారం మాత్రం వెలిసింది.

క్రాక్స్ సంగతి అడుగుతారని తెలుసు. తేలిక, కడిగితే శుభ్రం, చెమట పీల్చుకోదు. కానీ అందరికీ తెలిసిన క్లాసిక్ మోడల్‌కి పైనంతా రంధ్రాలే, అది వార్డు డ్యూటీకి చెల్లదు. రంధ్రాలు లేకుండా వంటశాలల్లో, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం చేసిన బిస్ట్రో లాంటివి ఉన్నాయి, మీ ఆస్పత్రి ఒప్పుకుంటే అవి చూడొచ్చు. ఒప్పుకుంటుందో లేదో కొనేముందే ఫోటో చూపించి అడగండి, బిల్లు కట్టాక కాదు. స్కెచర్స్ గో వాక్ వేసుకునే సీనియర్లు మా దగ్గర ఉన్నారు, తేలిగ్గా ఉంటాయని చెబుతారు. పైన అల్లిక గుడ్డ ఉన్న మోడల్ అయితే మాత్రం పైన చెప్పిన హైపో గొడవే. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ వాళ్లు లోపల వేరే చెప్పులు మార్చుకుంటారు కాబట్టి ఈ రివ్యూ వాళ్లకి సగమే పనికొస్తుంది.

నా జతలో బాగాలేనివి చెప్పాలంటే, ముందుభాగం ఇరుకు. వెడల్పు పాదం ఉన్నవాళ్లు ఒక సైజు పెద్దది తీసుకుంటే అప్పుడు మడమ జారుతుంది, కాబట్టి అలాంటివాళ్లు ఈ ఆకారమే వదిలేసి గుండ్రటి ముక్కు ఉన్నవి చూడండి. లోపలి అట్ట దసరా నాటికే మడమ దగ్గర పలచబడింది. విడిగా ఇన్‌సోల్ కొని పాతదాని మీదే వేస్తే కాలు పైకి లేచి బూటు వెనక నుంచి బయటికి వచ్చేస్తుంది, పాతది పీకేసి వేయాలి. నాదాంట్లో పాతది జిగురుతో అతికించి ఉంది, పీకడానికి తల ప్రాణం తోకకొచ్చింది. కొనేటప్పుడే అట్ట చేత్తో లేపి చూడండి, ఊడి వచ్చేదైతే మంచిది.

కంపు కూడా ఉంది, దాయడమెందుకు. బెజవాడ ఎండలో సింథటిక్ లోపల చెమట ఆరదు. వరస నైట్లు పడితే ఒకే జత రోజూ వేసుకోకుండా రెండు జతలు మార్చి మార్చి వేస్తే మధ్యలో ఒక రోజు ఆరుతుంది, అట్ట కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. ఆఫర్ ఉంది కదా అని రెండో జత కొని పెట్టెలో దాచడం మాత్రం చేయొద్దు. పీయూ (పాలీయురేథేన్) సోల్ ఉన్నవి గాలిలో తేమకి, వాడకుండా ఏళ్లు పెట్టెలో ఉన్నా సరే, లోపల్లోపల పాడై వేసుకున్న రోజునే పొడిపొడిగా రాలిపోతాయి.

ధర 2,500 లోపే పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి, పన్ను కలపకముందు ధర 2,500 వరకూ ఉన్న జతకి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అందుకని ధర ఆ గీత దాటితే, తక్కువ ధరలో అలాంటిదే ఉందేమో అడగండి.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టు ఉండి, నాలుగడుగులు వేశాక తగ్గుతుంటే అది బూటు మారిస్తే పోయేది కాదు, ఆర్థో ఓపీలో గానీ ఫిజియో దగ్గర గానీ చూపించుకోండి, మనం పనిచేసే బిల్డింగ్‌లోనే ఉంటారు కదా. పిక్కల్లో నరాలు ఉబ్బుతున్నా అంతే.

నా సైజు 5, మా దగ్గర ఎక్కువమందివి 4 నుంచి 6 మధ్యలోనే. నలుపులో ఆ సైజులే ముందు అయిపోతున్నాయి, ఎక్స్ఛేంజ్ కూడా సోల్‌కి మట్టి అంటకపోతేనే. ఇంటికి తెచ్చాక ఒక రోజంతా ఇంట్లోనే, గచ్చు మీదే వేసుకుని తిరిగి, అప్పుడు డ్యూటీకి తీయండి.