పులికాట్ పడవలో 200-500: వీఆర్ ఎంతవరకు ఆదుకుంది?

పడవలోంచి పక్షుల ఫొటోలు తీసేటప్పుడు లెన్స్‌లోని వీఆర్ (వైబ్రేషన్ రిడక్షన్, అంటే వణుకుని తగ్గించే ఏర్పాటు) ఆన్ చేయాలా, ఆఫ్ చేయాలా అని చెన్నైలో మన తెలుగు మిత్రులు తరచూ అడుగుతుంటారు. నికాన్ డి500 కెమెరాకి 200-500 ఎంఎం ఎఫ్/5.6 జూమ్ లెన్స్ తగిలించుకుని కొన్నేళ్లుగా చలికాలమంతా పులికాట్ సరస్సులో జాలరి పడవలెక్కి తిరుగుతున్నాను కాబట్టి చెబుతున్నా: ఆన్‌లోనే ఉంచండి, అదీ స్పోర్ట్ మోడ్‌లో.

అయితే అది ఫొటో షార్ప్‌గా రావడానికని కాదు. డి500 సెన్సర్ చిన్నది, 500 ఎంఎం పెడితే 750 ఎంఎం పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. పడవ కాస్త ఊగినా పక్షి వ్యూఫైండర్‌లోంచి జారిపోతుంది. వీఆర్ ఉంటే బొమ్మ కుదురుగా నిలబడి, ఫోకస్ పాయింట్‌ని పక్షి మీదే ఉంచగలుగుతాం. నార్మల్ మోడ్‌లో పడవ అల మీద లేచినప్పుడు బొమ్మ కాసేపు అతుక్కుని, ఉన్నట్టుండి పక్కకి గెంతుతుంది. ఎగిరే గరుడ పక్షి వెంట లెన్స్ తిప్పేటప్పుడు ఇది మహా చిరాకు. స్పోర్ట్‌లో ఆ గెంతు బాగా తక్కువ.

షార్ప్‌నెస్ షట్టర్ పని. ఈ వీఆర్‌కి చెప్పే 4.5 స్టాప్‌లంటే (ఒక్కో స్టాప్‌కి షట్టర్ వేగాన్ని సగానికి తగ్గించొచ్చు) కాగితం మీద 1/30 సెకను దాకా దిగొచ్చు, కానీ ఆ లెక్క చేతి వణుకుకి. ఎగిరే రెక్కని ఏ వీఆరూ ఆపలేదు. ఇంజన్ నడుస్తుంటే నేను 1/1600కి తగ్గను, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది) ఎంత పెరిగితే అంత పెరగనీ.

ఇంజన్ అదురు సంగతి వేరు. లెన్స్ 2.3 కిలోలు, ఎక్కడో ఒకచోట ఆనించాలనిపిస్తుంది. పడవ అంచుకి మోచెయ్యి ఆనిస్తే ఆ అదురంతా లెన్స్‌లోకి ఎక్కుతుంది. బల్ల మీద కూర్చుని మోచేతులు పొట్టకి అదిమి, నడుము వదులుగా ఉంచితే మన ఒళ్లే స్ప్రింగులా పనిచేస్తుంది. మోనోపాడ్‌ని (ఒంటికాలి స్టాండ్‌ని) పడవ అడుగున ఆనించేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

రాజహంసల (ఫ్లెమింగోల) దగ్గర మాత్రం వీఆర్ అసలు పనితనం తెలుస్తుంది. పడవాయన దూరంలోనే ఇంజన్ ఆపి గెడ అందుకుంటాడు. ‘ఇంకా పోతే లేచిపోతాయి సార్’ అంటాడు. తల నీళ్లలో ముంచి మేస్తున్న గుంపుని అప్పుడు 1/320కి తీసినా చాలావరకు నిలుస్తాయి, ఐఎస్ఓ 3200 నుంచి 640కి దిగుతుంది. ఈకల అంచుల్లో గులాబీ రంగు విడివిడిగా కనిపిస్తుంది. బటన్ సగం నొక్కి, బొమ్మ కుదురుకున్నాకే తీయాలి.

పడవ పక్కకి ఒరిగితే వాలిపోయే హొరైజన్‌ని లెన్స్‌లోని వీఆర్ సరిచేయలేదు. అందుకే చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీసి, ఇంటికొచ్చాక సరిచేసుకుంటాను. బాడీలోనే ఐదు అక్షాల స్టెబిలైజేషన్ (వణుకుని సర్దే ఏర్పాటు) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాలు ఆ ఒరుగునీ కొంత సర్దుతాయి. పడవ ఫొటోల కోసమే కొత్తగా కొనేవాళ్లు అటు చూడడం మేలు.