మిల్లు ఊరికి ప్రయాణం: బిడ్డఫర్డ్‌లో రెండు రాత్రులు

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరానికి వెళ్లే మనవాళ్లలో చాలామంది పోర్ట్‌లాండ్ దీపస్తంభం చూసుకుని అకేడియా జాతీయ వనం వైపు సాగిపోతారు. పోర్ట్‌లాండ్‌కు కొద్దిగా దక్షిణాన, సేకో నది సముద్రంలో కలిసే చోట ఉన్న బిడ్డఫర్డ్ దగ్గర ఆగేవారు తక్కువ. మేము సెప్టెంబరులో అమ్మను వెంటబెట్టుకుని అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. మాది భీమిలి దగ్గరి చిట్టివలస. నాన్నగారు అక్కడి జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేశారు. ఆ మిల్లు 2009లో మూతపడింది. బిడ్డఫర్డ్‌లో చివరివరకు నడిచిన వెస్ట్‌పాయింట్ హోమ్ దుప్పట్ల మిల్లు మూతపడింది కూడా ఆ ఏడాదే. ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ ఊరు చూడకుండా ఉండలేకపోయాను.

బోస్టన్ నార్త్ స్టేషన్‌లో డౌనీస్టర్ రైలు ఎక్కితే రెండు గంటలు దాటిన కొద్దిసేపటికే సేకో స్టేషన్‌లో దిగవచ్చు. స్టేషన్ నది మధ్యనున్న లంకలో ఉంది. వంతెన దాటగానే బిడ్డఫర్డ్ ప్రధాన వీధి మొదలవుతుంది. పెట్టెలు లాక్కుంటూ నడిచినా పెద్ద దూరమేమీ కాదు, అమ్మ కూడా ఇబ్బంది పడకుండా నడిచింది. పాత లింకన్ మిల్లును 2022లో హోటల్‌గా మార్చారు. మిల్లు గోడల మధ్యే నిద్రపోవాలనుకునేవారికి అది సరైన చోటు కానీ, ముగ్గురికి రెండు గదులంటే మా లెక్కకు అందలేదు. అందుకని ఒక చిన్న అతిథి గృహంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వంట చేసుకునే వీలుంది. అయితే మెట్లు బాగా నిటారుగా ఉన్నాయన్న సంగతి యజమానులు ముందుగా చెప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు గది ఏ అంతస్తులో ఉందో అడిగి తెలుసుకున్న తర్వాతే డబ్బు కట్టాలి.

మా ప్రయాణానికి ఫలం దక్కింది మిల్లుల్లోనే. పెప్పరెల్ కంపెనీ 1850లో ఇక్కడ నేత మొదలుపెట్టింది. ఆ పేరు మీద వచ్చిన పక్క దుప్పట్లు అమెరికా ఇళ్లన్నింటికీ తెలిసినవే. పనికోసం కెనడాలోని క్విబెక్ నుంచి ఫ్రెంచి కుటుంబాలు తండోపతండాలుగా వచ్చాయి, ఊరి ఇంటిపేర్లలో ఇప్పటికీ ఆ ఫ్రెంచి కనిపిస్తుంది. బిడ్డఫర్డ్ మిల్స్ మ్యూజియం వారు నడిపే పర్యటనలో దారి చూపేవారిలో ఒకప్పటి కార్మికులు ఉండటం దాని గొప్పతనం. మాకు దొరికిన పెద్దాయన తేదీలతో మొదలుపెట్టలేదు. ఒక హాలులో నేల చూపించి, నూనె పీల్చుకుని నల్లబడిన ఆ చెక్కల్లో మగ్గాలను బిగించిన బోల్టుల రంధ్రాలను వేలితో తడిమి చూడమన్నారు. మగ్గాల మోతలో మాట వినిపించక పెదవుల కదలికను బట్టే ఒకరినొకరు అర్థం చేసుకునేవాళ్లమని ఆయన అంటుంటే నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాన్న ఇంట్లో కూడా కేకలేసినట్టు మాట్లాడేవోరు. కోపం అనుకునేదాన్నిరా" అంది. తన ఫోనులో దాచుకున్న చిట్టివలస మిల్లు గేటు ఫొటో తీసి ఆయనకు చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూశారు.

అవే భవనాల్లో, నార్త్ డ్యామ్ మిల్లులోనూ పెప్పరెల్ ప్రాంగణంలోనూ ఇప్పుడు చిత్రకారుల గదులు, కుమ్మరి చక్రాలు, చిన్న వర్తకశాలలు, నివాసాలు ఉన్నాయి. నేతకు వెలుతురు కావాలని పెట్టిన నిలువెత్తు కిటికీలు ఇప్పుడు బొమ్మలు వేసేవారికి ఉపయోగపడుతున్నాయి. ఈ మార్పు తనంతట తాను రాలేదు. ఊరి నడిబొడ్డున 1987 నుంచి చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కర్మాగారం ఉండేది. దాని వాసన భరించలేక ప్రధాన వీధికి జనం రావడమే మానేశారు. నగరపాలక సంస్థ 2012లో దాన్ని కొని మూయించిన తర్వాతే దుకాణాలకు, కళాకారులకు ఇక్కడ నిలబడగలమన్న ధైర్యం వచ్చింది. అదే ఏడాది, 1851 నాటి ఎనిమిది వందల అడుగుల చుట్టచిత్రం (చుట్టగా చుట్టి ఉంచే పొడవాటి బొమ్మ) ప్రదర్శన పెప్పరెల్ మిల్లులో జరిగింది. అంత పొడవైన బొమ్మను పరిచే జాగా మిల్లులో తప్ప మరెక్కడ దొరుకుతుంది! 1896లో కట్టిన సిటీ థియేటర్‌లో నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు. మేమున్న రోజుల్లో ప్రదర్శన లేకపోవడం మా దురదృష్టం, మీరు మాత్రం తేదీలు చూసుకుని వెళ్లండి.

ఒక కుమ్మరి గదిలో మాటల మధ్య అద్దెల ప్రసక్తి వచ్చింది. చవకగా గది దొరుకుతుందనే కళాకారులు ఈ ఊరికి వచ్చారు. వాళ్లు తెచ్చిన కళ చూసి ఇప్పుడు అద్దెలు పెరుగుతున్నాయి. మిల్లు కార్మికుల పిల్లలకు కూడా ఆ ఊళ్లో ఇల్లు దొరకడం కష్టమైపోతే ఈ బాగుపడటంలో సగం పోయినట్టే అని నాకు గట్టిగా అనిపించింది.

తిండి విషయానికి వస్తే, 1927 నాటి రైలుపెట్టె ఆకారపు ప్యాలెస్ డైనర్‌లో పదిహేను కుర్చీలే ఉంటాయి కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. మాంసం తినని వారికి అట్లు, గుడ్డు వంటకాలు దొరుకుతాయి. సాయంత్రాలు ఎలిమెంట్స్‌లో, పుస్తకాల బీరువాల నడుమ కాఫీతో గడిపాం.

సముద్రానికి ఒక పూట చాలు. బిడ్డఫర్డ్ పూల్ అనే తీరప్రాంతం ఊరి నడిబొడ్డు నుంచి చాలా మైళ్ల దూరం. ఈస్ట్ పాయింట్ కాలిబాట మీద నడిస్తే వుడ్ ఐలాండ్ దీపస్తంభం నీళ్ల మధ్య తెల్లగా కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు అద్దె కారు వెంటనే దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు ఫోనులో పిలిచిన బండి రెండుసార్లు రద్దయి, గాలిలో గంటకు పైగా నిలబడ్డాం. అమ్మ చీర కొంగు తలచుట్టూ చుట్టుకుని రాతి మీద కూర్చుంది. సొంత కారు లేనివారు రానుపోనూ ఒకే బండి మాట్లాడుకోవడం మంచిది. వేసవిలో కారుతో వెళ్లేవారు తీరాన బండి నిలపడానికి అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది.

జూన్‌లో జరిగే ఫ్రెంచి వారి పండుగ, లా కెర్మెస్, చూడటానికి మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం. ఈసారి కింది అంతస్తు గది ఇప్పుడే అడిగి పెట్టాను. చిట్టివలసలో నాన్నగారితో పనిచేసినవారి దగ్గర పాత ఫొటోలు ఇంకేమైనా ఉన్నాయేమోనని అమ్మ ఫోన్లు చేస్తోంది. ఆ పెద్దాయనకు చూపించాలట.