పార్కిన్సన్స్‌తో పదేళ్లు: మా ఇంట్లో నిలిచినవి, అటకెక్కినవి

నాకు పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తేలి పదేళ్లు దాటింది. నడకకని, తిండికని, నిద్రకని ఈ పదేళ్లలో చాలా వస్తువులు కొన్నాం, ఇంట్లో చాలా మార్పులు చేసుకున్నాం. వాటిలో నిజంగా పనికొచ్చినవేవో రాస్తున్నాను. ఏ వస్తువుకైనా నేను పెట్టే పరీక్ష ఒకటే. మాత్ర పవర్ దిగిపోయిన వేళ అది పనిచేస్తుందా? మాత్ర పట్టిన గంటలో మామూలు స్పూనుతోనే తినగలను, కర్ర లేకుండా నడవగలను. షాపుకు వెళ్లేదీ, బాగుందని కొనేదీ ఆ గంటలోనే. తెల్లవారుజామున ఒళ్లు బిగుసుకుపోయి ఉన్నప్పుడు తెలుస్తుంది దాని అసలు సంగతి.

అందుకే ముందు మాత్ర గురించి చెప్పాలి. నేను వాడేది లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. ఒంటి కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనం మెదడులో తగ్గితే, దాన్ని లెవోడోపా భర్తీ చేస్తుంది. లెవోడోపా మెదడుకు చేరేలోపే ఖర్చయిపోకుండా కార్బిడోపా చూస్తుంది, వికారం కూడా తగ్గిస్తుంది. స్ట్రిప్పు మీద 110 అని ఉన్నా, 125 అని ఉన్నా అందులో లెవోడోపా 100 మిల్లీగ్రాములే. మిగతా 10 గానీ 25 గానీ కార్బిడోపా. "రెండూ ఒకటేనమ్మా" అని మందుల షాపులో అన్నా సరే, డాక్టరుగారు రాసింది తప్ప వేరేది తీసుకోను. రాత్రికి వేసుకునే సీఆర్ మాత్ర నెమ్మదిగా కరిగే రకం. దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు.

మొదటి కొన్నేళ్లు రోజుకు మూడు మాత్రలతో హాయిగా గడిచింది. తర్వాత ఒక మాత్ర దిగిపోయి ఇంకో మాత్ర పట్టేలోపు ఖాళీ రావడం మొదలైంది. డాక్టరుగారు మోతాదు తగ్గించి ఎక్కువసార్లు వేసుకోమన్నారు. ఇక ఫోన్‌లో అలారం లేనిదే నాకు రోజు గడవదు. పెళ్లిలో ఉన్నా, బస్సులో ఉన్నా మోగిన వెంటనే వేసుకుంటాను. తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పప్పు, పెరుగు, గుడ్డులో ఉండే ప్రొటీన్, ఈ మందు పేగుల్లోంచి ఒంటికి పట్టే దారి ఒకటే. పెసరట్టు తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే నాకు అది చాలా ఆలస్యంగా పడుతుంది. కాబట్టి తిండికి అరగంట ముందే గ్లాసు నిండా నీళ్లతో వేసుకుంటాను. పప్పు మానేయలేదు, రాత్రికి మార్చుకున్నాను. పగలు కూరన్నం, చారన్నం. మీకు ఎలా కుదురుతుందో మీ డాక్టరుతో మాట్లాడుకోండి, ప్రొటీన్ మాత్రం పూర్తిగా మానకండి. బంధువులు దూలగొండి గింజల పొడి వాడమంటారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. కానీ ఒక్కో చెంచాలో ఎంత పోతోందో తెలియని మందును మాత్రల మీద మళ్లీ వేసుకోలేను.

ఇక నడక. పవర్ దిగినప్పుడు, ముఖ్యంగా ఇరుకైన తలుపుల దగ్గర, పాదాలు నేలకు అతుక్కుపోతాయి. వెనక నుంచి ఎవరైనా "నడువు, నడువు" అని తొందరపెడితే ఇంకా బిగుసుకుంటాయి. విచిత్రమేమిటంటే పసుపు రాసి బొట్లు పెట్టిన వీధి గడప దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోలేదు. గడప లేని బాత్రూమ్ తలుపు దగ్గర రోజూ ఆగిపోయేదాన్ని. ఫిజియోథెరపిస్టుకు ఈ మాట చెబితే, కంటికి ఒక గీత కనిపిస్తే దాన్ని దాటడానికి కాలు లేస్తుందని వివరించారు. మావారు బాత్రూమ్ దాకా అడుగుకొకటి చొప్పున పసుపు రంగు టేపు అంటించారు. ఈ పదేళ్లలో మేము చేసిన ఏర్పాట్లన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. చీకట్లో టేపు కనబడదు కాబట్టి రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. పాదం బొత్తిగా లేవని వాళ్లకు ఎత్తయిన గడప ప్రమాదమే, అది మరచిపోకండి.

నాలుగు కాళ్ల మామూలు వాకర్ అటకెక్కింది. దాన్ని ఎత్తాలి, ముందుకు పెట్టాలి, అప్పుడు అడుగు వేయాలి. ఒకేసారి ఇన్ని పనులు నా వల్ల కాదు. చేతి బ్రేకులు, కూర్చునే సీటు ఉన్న నాలుగు చక్రాల వాకర్ బాగా కుదిరింది. కొనేముందు బ్రేకు మీ చేత్తో నొక్కి చూడండి, బిగుతుగా ఉంటే వద్దు. ఏ వాకర్‌తోనైనా ఉన్నచోటే గిర్రున తిరగకూడదు, కాస్త చుట్టు తిరిగి రావాలి.

బరువు స్పూన్ల సెట్టు నాకు ఉపయోగపడలేదు. నా చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడే ఎక్కువగా వణుకుతుంది, కంచం వైపు వెళ్లేటప్పుడు తగ్గుతుంది. నా ఇబ్బంది నెమ్మదితనం, బిగువు. బరువు స్పూనుతో మణికట్టు ఇంకా అలసిపోయింది. అంచు ఎత్తుగా ఉన్న లోతు కంచం, దాని కింద తడిగుడ్డ ఉంటే చాలు, చేత్తోనే కలుపుకుని తింటున్నాను. కాఫీకి మూత ఉన్న కప్పు వాడుతున్నాను. కత్తిపీట తీసేశాను, తాడు లాగే చాపర్‌తో కూరలు తరుగుతాను. అన్నం గిన్నె దించడం, పోపు పెట్టడం మావారి పని.

చీర మానడం నాకు ఇష్టం లేదు. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతుంటే, కుచ్చిళ్లు ముందే కుట్టేసిన చీరలు చీలమండ పైకి ఉండేలా కుట్టించుకున్నాను. జాకెట్టుకు హుక్కుల చోట వెల్‌క్రో. ఉతికేటప్పుడు వెల్‌క్రో మూసి వేయాలి, లేకపోతే పీచు పట్టి అంటుకోదు.

రాత్రి పక్క తిప్పుకోలేకపోవడం ఈ జబ్బులో పైకి కనిపించని కష్టం. కాటన్ దుప్పటి ఒంటిని పట్టేస్తుంది. నడుము కింద జారే పాత సింథటిక్ చీరను అడ్డంగా పరిచి, రెండు అంచులూ పరుపు కిందకు మడిచాం. మంచం కాళ్ల వైపు కట్టిన నవారు పట్టీకి ముళ్లు వేశాం. దాన్ని పట్టుకుని లేస్తాను. లేచాక కాసేపు కూర్చునే ఉంటాను, వెంటనే నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

ఇంటి బయట నేను తప్పకుండా దగ్గర ఉంచుకునేది ఒక అట్ట ముక్క. జ్వరంతో ఒక ఆస్పత్రిలో చేరినప్పుడు వాళ్ల రౌండ్ల వేళకు మాత్రలు ఇచ్చారు. రెండో రోజుకు నేను మంచం దిగలేకపోయాను. మావారు గట్టిగా అడిగాకే నా టైముకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ అట్ట మీద ఇప్పుడు మాత్రల పేర్లు, మోతాదు, వేళలు ఉన్నాయి. కింద ఎర్ర సిరాతో రెండు మాటలు: ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, వాంతికి మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు. ఆ మందు డోపమిన్‌కు అడ్డుపడి పార్కిన్సన్స్‌ను ఎక్కువ చేస్తుంది. ఒక అట్ట నా పర్సులో, ఇంకొకటి మావారి జేబులో.